పని చేయగల చేతులు, పని దొరకని మనుషులు: మహమ్మారి కాలంలో కుష్ఠువ్యాధి బాధితుల ఉపాధి

1. ప్రవేశిక

2020 మార్చిలో మన పత్రికల్లోకి, టీవీల్లోకి 'సామాజిక దూరం' అనే మాట వచ్చి చేరింది. అది ఇంగ్లీషు మాటకు యథాతథ అనువాదం. మనుషులు ఆరడుగుల ఎడంలో నిలబడాలన్నంత వరకే దాని ఉద్దేశం. ఆ నెలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మాటకు బదులు 'భౌతిక దూరం' అనడం మేలని సూచించింది. తెలుగు పత్రికలు కొన్ని ఆ మార్పును పాటించాయి, చాలామంది జనం పాటించలేదు. శరీరాల మధ్య దూరం వేరు, మనుషుల మధ్య దూరం వేరు అన్న సంగతి మనలో చాలామందికి అప్పుడే మొదటిసారి తట్టింది. కుష్ఠువ్యాధి వచ్చి నయమైనవారికి ఈ తేడా పుట్టెడు అనుభవం. శరీరాల మధ్య దూరం అవసరమని వైద్యులు ఎవరూ చెప్పకపోయినా, మనుషుల మధ్య దూరం వారికి ఏనాడూ తప్పలేదు.

కోవిడ్ కాలంలో ఈ వర్గానికి ఉపాధి విషయంలో ఏం జరిగిందో ఈ పాఠంలో పరిశీలిస్తాం. సహాయ కార్యక్రమాల పట్టిక ఇచ్చి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. మన చట్టాలు, పథకాలు ఈ మనుషులను ఏ కొలబద్దతో కొలుస్తున్నాయి, ఆ కొలబద్ద కష్టకాలంలో ఎంతవరకు పనికివచ్చింది అన్నదే ఇక్కడి ప్రశ్న. సాహిత్యం పాఠంలో ఒక పద్యాన్ని ఎంత శ్రద్ధగా చదువుతారో, ఈ పాఠంలో ఒక చట్టంలోని నిర్వచనాన్ని అంత శ్రద్ధగా చదవవలసిందిగా విద్యార్థులను కోరుతున్నాను.

2. వ్యాధి గురించి తెలియవలసినంత

కుష్ఠువ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించాడు. అది నరాలను, చర్మాన్ని పట్టే బాక్టీరియా. చాలా నెమ్మదిగా పెరుగుతుంది. నూటికి 95 మందికి దాన్ని తట్టుకునే సహజశక్తి ఉంటుంది. 1980 దశకం నుంచి మన దేశంలో అమలవుతున్న బహుళ ఔషధ చికిత్సలో వ్యాధి రకాన్ని బట్టి 6 నెలలు లేదా 12 నెలలు మందులు వాడితే సరిపోతుంది. మందులు ఉచితం. చికిత్స మొదలైన కొద్దికాలానికే ఆ మనిషి నుంచి ఇతరులకు వ్యాధి సోకే అవకాశం పోతుంది.

అయితే ఆలస్యంగా చికిత్సకు వచ్చినవారిలో అప్పటికే దెబ్బతిన్న నరాలు తిరిగి బాగుపడకపోవచ్చు. వేళ్లు వంకర తిరుగుతాయి, పాదం వేలాడుతుంది, కనురెప్ప పూర్తిగా మూతపడదు. అన్నిటికన్నా ముఖ్యం, స్పర్శ పోతుంది. వేడి గిన్నె పట్టుకున్న వంటమనిషికి చెయ్యి కాలుతున్న సంగతి తెలియదు. పార పట్టిన కూలీకి అరచేతిలో బొబ్బ లేచి పగిలి పుండయ్యేదాకా తెలియదు. చెప్పులో గులకరాయి పడినా సాయంత్రం దాకా నడుస్తూనే ఉంటాడు. నొప్పి లేకపోవడం అదృష్టం అనిపిస్తుంది గాని, పని చేసి బతికే మనిషికి నొప్పి కాపలాదారు. ఆ కాపలా లేని చేతికి పనే గాయమవుతుంది. కాబట్టి ఇలాంటివారికి పని ఇవ్వడమంటే పిడికి గుడ్డ చుట్టిన పార, మెత్తని రబ్బరు అట్ట వేసిన ప్రత్యేక పాదరక్షలు, మధ్యమధ్య చేతులు చూసుకునే విరామం కూడా ఇవ్వడమే. ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు.

ఇంకొక సంగతి. ప్రతి 10,000 జనాభాకు ఒకరి కంటే తక్కువ రోగులు ఉండే స్థితిని మన దేశం 2005 డిసెంబరులో చేరింది. దీన్ని ప్రజారోగ్య సమస్యగా 'నిర్మూలన' అన్నారు. ఈ లెక్క ఎలా వేస్తారో గమనించండి. చికిత్సలో ఉన్నవారి పేర్లు మాత్రమే అందులో ఉంటాయి. మందుల కోర్సు పూర్తికాగానే పేరు రిజిస్టరు నుంచి తీసివేస్తారు. వైద్యానికి అది సరైన పద్ధతే. కానీ వంకర వేళ్లతో, మొద్దుబారిన పాదాలతో, నలభై ఏళ్లు బతకవలసిన మనిషి ఆ రోజు నుంచి వైద్యశాఖ లెక్కలో లేడు. మరి ఏ శాఖ లెక్కలో ఉన్నాడు?

3. నిర్వచనాన్ని చదువుదాం

వికలాంగుల హక్కుల చట్టం, 2016 దీనికి సమాధానం ఇవ్వబోయింది. చట్టం అనుబంధంలో పేర్కొన్న వైకల్యాల్లో 'కుష్ఠువ్యాధి నుంచి నయమైన వ్యక్తి' ఒక వర్గం. నిర్వచనం ఈ వర్గాన్ని మూడు పాయలుగా చేసింది. చేతుల్లో లేదా కాళ్లలో స్పర్శ పోయి, కంటికి, రెప్పకు స్పర్శలోపం, బలహీనత ఉండి, పైకి కనిపించే వైకల్యం లేనివారు మొదటి పాయ. వైకల్యం కనిపిస్తున్నా, మామూలు ఆర్థిక కార్యకలాపం చేసుకోగలిగేంత కదలిక చేతులకు, కాళ్లకు ఉన్నవారు రెండవ పాయ. తీవ్రమైన శారీరక వైకల్యం, ముదిమి వయసు కలిసి ఏ జీవనోపాధీ చేపట్టలేనివారు మూడవ పాయ. 1995 నాటి పాత చట్టంలోనూ దాదాపు ఇవే మాటలు ఉన్నాయి. 21 ఏళ్ల తర్వాత కొత్త చట్టం రాసినవారు ఈ వాక్యాన్ని దులిపి మళ్లీ వాడుకున్నారు.

ఇప్పుడు ఈ మూడింటినీ కలిపి చదవండి. రెండవ పాయలో, మూడవ పాయలో చట్టం ఒక మనిషిని నిర్వచించడానికి అతను పని చేయగలడా లేడా అన్నదే ఆధారం చేసుకుంది. ఒక విధంగా ఇది మెచ్చుకోదగినది. ఇతర వైకల్యాల నిర్వచనాల్లో ఉపాధి ప్రస్తావన ఇంత సూటిగా కనిపించదు. కుష్ఠువ్యాధి ప్రశ్న జీవనోపాధి ప్రశ్న అని చట్టం రాసినవారికి తెలుసునన్నమాట. కానీ పని చేయగలగడాన్ని వారు పూర్తిగా శరీరంలోనే వెతికారు. చేతికి ఎంత కదలిక ఉంది? వేళ్లు ఎంత వంగుతాయి? ఆ చేతితో చేసిన వస్తువును పక్కవాడు ముట్టుకుంటాడా అన్న ప్రశ్న నిర్వచనంలో ఎక్కడా లేదు. 'మామూలు ఆర్థిక కార్యకలాపం' అన్న మాట రాసినవారు, దానికి కొనేవాడు, అమ్మేవాడు, పక్కన కూర్చుని పని చేసేవాడు కూడా కావాలని మరిచిపోయారు.

దీని ఫలితం ఆచరణలో ఇలా ఉంటుంది. చట్టం ప్రకారం రిజర్వేషన్ వంటి ప్రధాన ప్రయోజనాలకు 40 శాతం వైకల్య ధ్రువపత్రం కావాలి. వ్యాధి పూర్తిగా నయమై, వైకల్యం తక్కువగా మిగిలినవారికి అది రాకపోవచ్చు. ఏ వైకల్యమూ లేకుండా నయమైనవారు చట్టం దృష్టిలో మామూలు మనుషులు. ఊరి దృష్టిలో కారు. ఇక వారి పిల్లలు, వ్యాధి ఎన్నడూ రానివారు, ఏ నిర్వచనంలోనూ లేరు. ధ్రువపత్రం ఉన్నవారి సంగతి చూద్దాం. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం వికలాంగులకు ఉద్దేశించినది. అందులో 1 శాతాన్ని చలన వైకల్యం ఉన్నవారు, మస్తిష్క పక్షవాతం, మరుగుజ్జుతనం, కండరాల క్షీణత ఉన్నవారు, యాసిడ్ దాడి బాధితులు, కుష్ఠువ్యాధి నుంచి నయమైనవారు కలిసి పంచుకోవాలి. సరిగ్గా మహమ్మారి మధ్యలో, 2021 జనవరిలో, కేంద్ర ప్రభుత్వం వికలాంగులకు అనువైన 3,566 రకాల పోస్టుల జాబితా ప్రకటించింది. మంచి జాబితా, శ్రమపడి తయారుచేసినది. కాని బడి మధ్యలో మాన్పించబడిన మనిషికి ఆ జాబితాలో ఎన్ని పోస్టులు అందుతాయో మీరే ఊహించవచ్చు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు, ప్రోత్సాహకాలు ఇవ్వాలన్న మాట మాత్రం ఉంది.

న్యాయంగా చెప్పాలంటే, గత కొన్నేళ్లలో చట్టాల్లో చెత్త కొంత తొలగింది. కుష్ఠురోగులను నిర్బంధించడానికి బ్రిటిష్ వారు చేసిన 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అది ఇన్నేళ్లు చట్టాల పుస్తకంలో ఉండిపోవడమే ఆశ్చర్యం. కుష్ఠువ్యాధిని విడాకులకు కారణంగా చూపే వీలును 2019లో ఐదు వ్యక్తిగత చట్టాల నుంచి తీసివేశారు. లా కమిషన్ 2015లో తన 256వ నివేదికలో వివక్ష నిషేధానికి ప్రత్యేక చట్టమే కావాలని చెప్పింది. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో వైద్యం, అవగాహన, పునరావాసం గురించి విస్తారమైన ఆదేశాలు ఇచ్చింది. అదే సుప్రీంకోర్టు 2008లో ఒడిశాకు చెందిన కేసులో, ఎన్నికైన మున్సిపల్ కౌన్సిలరును ఈ వ్యాధి కారణంగా అనర్హుణ్ణి చేసిన స్థానిక చట్టాన్ని సమర్థించిందని కూడా విద్యార్థులు గుర్తుంచుకోవాలి. శాసనసభ ఈ నిబంధనను పునరాలోచించాలని ఆ తీర్పే సూచించింది గాని, ఆ మనిషి పదవి పోయింది.

4. ముట్టుకునేవారు ఎవరు?

నేను అధ్యాపకుడిగా చేరిన కొత్తలో విద్యార్థులను ఒక కుష్ఠువ్యాధి పునరావాస కేంద్రానికి క్షేత్ర పర్యటనకు తీసుకువెళ్లాను. అక్కడ మగ్గాల మీద దుప్పట్లు నేస్తున్నారు. ఆ నేత బిగువు చూసి విద్యార్థులు మెచ్చుకున్నారు. సాయంత్రం ఒక పెద్దాయన అందరికీ గాజు గ్లాసుల్లో టీ తెచ్చాడు. విద్యార్థుల్లో సగం మంది వద్దన్నారు. నేను గ్లాసు తీసుకున్నాను, గురువును కదా. మాటల్లో పడి మరిచిపోయినట్టు నటించి, చల్లారిన టీని కిటికీ గట్టు మీద పెట్టేశాను. మర్నాడు తరగతిలో ఇదే వ్యాధి అంటుకునే తీరు గురించి గంటసేపు పాఠం చెప్పాను. ఆ దుప్పట్లు మాలో ఒక్కరమూ కొనలేదు. చెయ్యి కదలికను కొలిచే ఏ పరికరమూ ఆ రోజు అక్కడ జరిగినదాన్ని కొలవలేదు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

మన ఆదిలాబాద్ సరిహద్దుకు అవతల మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా వరోరా దగ్గర బాబా ఆమ్టే 1949 ప్రాంతంలో ఆనందవన్ స్థాపించిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. దానధర్మాల మీద కాక, పని మీద నడిచే స్థావరంగా దాన్ని ఆయన ఊహించాడు. రాళ్ల నేలను తవ్వి బావులు తీశారు, కూరగాయలు పండించారు, పశువులను పెంచారు. తీరా పంట చేతికి వచ్చాక వరోరా పట్టణంలో ఆ కూరగాయలు, పాలు కొనేవారు లేకపోయారు. పండించినవారి చేతులు చట్టం అడిగే పరీక్షలో నూటికి నూరు నెగ్గాయి. సంతలో ఓడిపోయాయి.

తర్వాత ఏం జరిగిందో మనకు ముఖ్యం. 1950 దశకంలో ఒక అంతర్జాతీయ సేవా సంస్థకు చెందిన యువకులు అక్కడికి శ్రమదానానికి వచ్చారు. ఆనందవన్ వాసులతో కలిసి ఇటుకలు మోశారు, వారితో కలిసి ఉన్నారు, వారు పండించినదే తిన్నారు. ఇది చూసిన వరోరా జనానికి భయం తగ్గింది. నెమ్మదిగా కూరగాయలు అమ్ముడయ్యాయి. ఇక్కడ రోగుల చేతుల్లో మార్పేమీ రాలేదు. మార్పు కొనేవారిలో వచ్చింది. అదీ ఉపన్యాసం విని రాలేదు, మరొకరు తినగా చూసి వచ్చింది. పునరావాసం గురించి రాసిన పుస్తకాల్లో చికిత్స, శిక్షణ, రుణం అని వరుసగా అధ్యాయాలు ఉంటాయి. వరోరా సంత గురించిన అధ్యాయం మాత్రం తరచు ఉండదు.

చిత్తూరు జిల్లావారికి బాగా పరిచయమైన వెల్లూరు ఆసుపత్రిలో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940 దశకం చివర వంకర వేళ్లను శస్త్రచికిత్సతో సరిచేయడం మొదలుపెట్టాడు. అది వైద్యచరిత్రలో గొప్ప ఘట్టం. అయితే చేతులు బాగుపడ్డాక బిచ్చం రావడం తగ్గింది, పని ఇచ్చేవారు మాత్రం లేరు అని రోగులు వాపోయిన సంగతిని ఆయనే చెప్పుకున్నాడు. దాంతో ఆయన వడ్రంగం వంటి పనులు నేర్పే ఒక చిన్న కేంద్రాన్ని కూడా ఏర్పాటు చేయవలసి వచ్చింది.

మన తెలుగునాట కూడా డిచ్‌పల్లి, సాలూరు ఆసుపత్రులు, కూకట్‌పల్లిలో రాణీ కుముదినీదేవి 1958లో స్థాపించిన శివానంద పునరావాస కేంద్రం వంటివి దశాబ్దాలపాటు చికిత్సతోపాటు ఆశ్రయం ఇచ్చాయి. వాటి సేవను తక్కువ చేయలేం. ఇదే కాలంలో మన ఊళ్లలో నాగభూషణం 'రక్తకన్నీరు' నాటకం వేల ప్రదర్శనలు పొందింది. చెడు తిరుగుళ్లు తిరిగిన ధనికుడికి చివరికి దక్కే శిక్షగా అందులో కుష్ఠువ్యాధి వస్తుంది. నాటకంగా దాని బలం దానిది, చిన్నప్పుడు నేనూ రెండుసార్లు చూశాను. కాని 'పెద్దరోగం' పాపఫలం అన్న నమ్మకాన్ని ఆరోగ్యశాఖ కరపత్రాలు ఎంత తుడిచాయో, రంగస్థలం అంత బలంగా మళ్లీ రాసింది. ఒకసారి పాపం అన్నాక, నయమైందన్న వైద్యుడి ధ్రువపత్రం ఎవరికి కావాలి?

ఇక్కడ చదవడం కాసేపు ఆపి, మీ ఊళ్లో లేదా వాడలో హోటలు, కిరాణా కొట్టు, పాలకేంద్రం వంటి చోట్ల వంకర వేళ్ల మనిషి పని చేస్తూ ఎప్పుడైనా చూశారా అని ఆలోచించుకోండి. చూడలేదంటే అలాంటివారు మీ ఊళ్లో లేరనుకోవడానికి వీల్లేదు.

5. 2020లో ఏం జరిగింది

మార్చి 20న తిరుమలలో దర్శనాలు నిలిపివేశారు. మార్చి 22న జనతా కర్ఫ్యూ నాటికి ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. గుడి మెట్ల దగ్గర, రైల్వే ప్లాట్‌ఫారం మీద కూర్చుని బతికేవారికి ఒక్క వారంలో రాబడి సున్నా అయింది. వారిలో కుష్ఠువ్యాధి బాధితులు ఎప్పుడూ ఉంటారు. మన దేశంలో చాలా రాష్ట్రాల్లో భిక్షాటన నేరం. 1959 నాటి బొంబాయి చట్టం అయితే బిచ్చగాళ్లలో కుష్ఠురోగులను నిర్బంధించడానికి ప్రత్యేకంగా ఒక సెక్షనే పెట్టుకుంది. బిచ్చం ఎత్తవద్దన్న చట్టం బదులు పని ఏదో చెప్పలేదు. కరోనా వచ్చి ఆ బిచ్చాన్ని కూడా ఆపింది.

సహాయం రాలేదని అనలేం. మనిషికి నెలకు 5 కిలోల ఉచిత ధాన్యం వచ్చింది. వృద్ధులు, వితంతువులు, వికలాంగ పింఛనుదారులకు కేంద్రం రెండు విడతలుగా 1,000 రూపాయలు అదనంగా ఇచ్చింది. కాని కేంద్ర వికలాంగ పింఛనుకు 80 శాతం వైకల్యం, దారిద్ర్యరేఖకు దిగువన ఉండటం షరతులు. దాని మొత్తం నెలకు 300 రూపాయలు. పై నిర్వచనంలోని మొదటి రెండు పాయలవారిలో చాలామంది ఈ గడప తొక్కలేరు. ఆ సమయంలో ఆంధ్రప్రదేశ్ ఇస్తున్న 3,000, తెలంగాణ ఇస్తున్న 3,016 రూపాయల రాష్ట్ర పింఛన్లే ఎన్నో పొయ్యిలను వెలిగించాయి. పింఛన్లు జనాన్ని సోమరులను చేస్తాయని వాదించే ఆర్థికవేత్తలతో నేను ఏకీభవించను. అరిగిపోయిన వేళ్లు వేలిముద్ర యంత్రం మీద పడక వెనక్కి తిరిగి వచ్చిన మనిషిని చూసినవారెవరూ ఆ మాట అనరు. వేలిముద్ర పడనివారికి కనుపాప ద్వారానో, మినహాయింపు పద్ధతిలోనో సేవ అందించవచ్చని నిబంధన ఉంది. ఆ నిబంధన కౌంటరు దగ్గర కూర్చున్న మనిషికి తెలిసి ఉండాలి, అంతే.

ఆసుపత్రులకు రాకపోకలు ఆగడంతో పాదాల పుండ్లకు కట్లు లేవు, తెగిన ప్రత్యేక చెప్పులకు బదులు లేవు. మాటిమాటికీ సబ్బుతో, శానిటైజరుతో చేతులు కడగమన్న సలహా అందరికీ ఒకటే. కాని చెమట పట్టని, స్పర్శ లేని చర్మం నూనె రాయకపోతే ఎండి పగులుతుంది. పగులు పుండవుతుంది, పుండు పనికి అడ్డమవుతుంది. ఉపాధి హామీ పనులు మళ్లీ మొదలైనప్పుడు మన రెండు రాష్ట్రాల్లో రోజు కూలి 237 రూపాయలు. నీళ్లు అందించడం, పసిపిల్లలను చూసుకోవడం, మొక్కల సంరక్షణ వంటి పనులు వికలాంగులకు ఇవ్వవచ్చని ఆ పథకం మార్గదర్శకాలే అప్పట్లో చెప్పాయి. ఇప్పుడు నీళ్లు అందించే పనిని మరొకసారి ఆలోచించండి. కాగితం మీద అది తేలికైన పని. వంకర వేళ్ల మనిషి చేతి నీళ్లు తాగే ఊళ్లో మాత్రమే అది పని.

అందరికన్నా ఎక్కువగా నన్ను ఆలోచింపజేసింది ఒక యువకుడి సంగతి. అతను కుష్ఠు కాలనీలో పుట్టాడు. తండ్రికి వ్యాధి వచ్చి నయమైంది, కొడుకుకు ఏనాడూ రాలేదు. దూరవిద్యలోనే డిగ్రీ చేశాడు, నేను సంప్రదింపు తరగతుల్లో పాఠం చెప్పాను. పట్నంలో ఒక బట్టల దుకాణంలో మేనమామ ఇంటి చిరునామా ఇచ్చి పనికి కుదిరాడు. లాక్‌డౌన్ తర్వాత దుకాణం తెరిచినప్పుడు, కరోనా జాగ్రత్తల పేరుతో పనివాళ్లందరి ఆధార్ కార్డులు తీసుకుని రిజిస్టరులో రాశారు. కార్డు మీద కాలనీ పేరు ఉంది. వ్యాపారం తగ్గింది, మళ్లీ పిలుస్తామన్నారు. మిగతావాళ్లందరినీ పిలిచారు. ఫోనులో అతను ఒక్క మాట అన్నాడు: "మా నాన్న జబ్బు మా అడ్రసుకు అంటుకుంది సార్."

మూడు పాయల నిర్వచనాన్ని ఇప్పుడు మళ్లీ తీసి ఇతనికి పెట్టి చూడండి. చేతులు రెండూ చక్కగా ఉన్నాయి. వైకల్యం లేదు కాబట్టి ధ్రువపత్రం లేదు. ధ్రువపత్రం లేదు కాబట్టి ఫిర్యాదు చేయడానికి ఈ చట్టంలో చోటు లేదు. ఆపత్కాలాల్లో వికలాంగులకు రక్షణ కల్పించాలన్న 8వ సెక్షన్ కూడా అతని దాకా రాదు. అతను పోగొట్టుకున్నది కుష్ఠువ్యాధి వల్లనే, అయినా కుష్ఠువ్యాధి గురించిన ఏ అధికారిక లెక్కలోనూ ఆ నష్టం పడదు.

ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి అలీస్ క్రూజ్ 2021లో మానవహక్కుల మండలికి ఇచ్చిన నివేదిక, ఈ మహమ్మారి కుష్ఠువ్యాధి బాధితులపై, వారి కుటుంబ సభ్యులపై చూపిన ప్రభావం గురించే. శీర్షికలోనే కుటుంబ సభ్యులను చేర్చడం గమనించదగినది. మన చట్టం చేయని పని అది.

6. రెండు అభ్యంతరాలు

కాలనీలే ఈ చిక్కుకు మూలమైతే వాటిని ఎత్తివేయవచ్చు కదా అని కొందరు విద్యార్థులు అడుగుతారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. 2020 చూశాక అంత తేలికగా అనలేను. బియ్యం మూటలు తెచ్చిన స్వచ్ఛంద సంస్థల వాహనాలకు కాలనీ దారి తెలుసు. కాలనీలో పెద్దలు ఉన్నారు, జాబితా ఉంది, అధికారితో గట్టిగా మాట్లాడే నోరు ఉంది. ఊళ్లో వ్యాధి సంగతి దాచుకుని ఒంటరిగా బతుకుతున్నవారికి ఇవేవీ లేవు. వెలివేతకు గుర్తుగా పుట్టిన కాలనీయే కష్టకాలంలో రక్షణ అయింది. చాలా కాలనీలకు ఈనాటికీ నేల మీద పట్టా లేదన్నది మరొక బాధ.

రెండవది, వ్యాధే తగ్గిపోతోంది కదా అన్న అభ్యంతరం. 2019లో మన దేశంలో కొత్తగా గుర్తించిన కేసులు సుమారు 1,14,000. 2020లో అవి సుమారు 65,000. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసి సంతోషించేవారు ఉంటారు. ఇంత నెమ్మదిగా పెరిగే సూక్ష్మజీవి ఒక్క ఏడాదిలో అంత వెనక్కి తగ్గదు. ఇంటింటికీ తిరిగి మచ్చలు చూసే ఆశా కార్యకర్తలు ఆ ఏడాది కోవిడ్ పనిలో ఉన్నారు. తగ్గింది వ్యాధి కాదు, వెతుకులాట. ఆ ఏడాది కనిపించకుండా పోయిన మచ్చ కొందరిలో రెండు మూడేళ్లకు మొద్దుబారిన చెయ్యి అయి ఉంటుంది. అంటే మహమ్మారి ఉన్న పనులను తీసివేయడంతో ఆగలేదు, రేపు పని దొరకని మనుషులను కూడా తయారుచేసింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వికలాంగుల పింఛనును 6,000కు పెంచినప్పుడు కుష్ఠువ్యాధి వల్ల బహుళ వైకల్యం కలిగినవారిని కూడా చేర్చింది. హర్షించవలసినదే. కాని ఆ 'బహుళ' అన్న మాట దగ్గర ఆగండి. మళ్లీ శరీరాన్నే కొలిచారు.

7. క్షేత్రపని

ఈ పాఠానికి రాతపరీక్ష ప్రశ్నలతోపాటు ఒక చిన్న పని ఇస్తున్నాను. మీలో చాలామంది గ్రామ సచివాలయాల్లో, అంగన్‌వాడీల్లో, ఆశా కార్యకర్తలుగా, దుకాణాల్లో, చిన్న కార్యాలయాల్లో ఉద్యోగం చేస్తూ చదువుకుంటున్నారు. దయచేసి ఏ కాలనీకీ గుంపుగా వెళ్లవద్దు, ఫోటోలు తీయవద్దు, ఎవరి వ్యాధి గురించీ ఆరా తీయవద్దు. మీరు పనిచేసే చోటనే చూడండి. ఉద్యోగ దరఖాస్తులో ఏ ఏ వివరాలు అడుగుతున్నారు? పని నైపుణ్యంతో సంబంధం లేని వివరాలు అందులో ఏవి? చిరునామా చూసి ఎవరినైనా తిరస్కరించిన సందర్భం మీ ఎరుకలో ఉందా? వేలిముద్ర పడనివారు వస్తే మీ కార్యాలయంలో ఏం చేస్తారు, ఆ పద్ధతి ఎవరికి తెలుసు? మీ దగ్గర పనివాళ్లు ఒకే కుండలో నీళ్లు తాగుతారా? ఈ ఐదు ప్రశ్నలకు మీ సమాధానాలను రెండు పుటలకు మించకుండా రాసి, తదుపరి సంప్రదింపు తరగతికి తీసుకురండి. మనుషుల పేర్లు, సంస్థల పేర్లు రాయనవసరం లేదు.